తగ్గే జ్వరం

ఆసుపత్రి నుంచి వచ్చిన కోడలు గుమ్మంలోనే నిలబడిపోవడం చూసి, కషాయానికి వేర్లు దంచుతున్న అత్తగారు రోకలి ఆపింది. అత్తగారి కషాయాన్ని ఫ్లూ రోగులకిచ్చి పరీక్షించింది డాక్టరైన ఆ కోడలే.

"ఏం తేలిందమ్మా?"

"కషాయం తాగినవాళ్లకీ, చేదు కలిపిన ఉత్త నీళ్లు తాగినవాళ్లకీ ఒకేలా తగ్గింది అత్తయ్యా."

"మరి నా చేతిమందుతో ఇంతమంది లేచి తిరిగారే?"

"చాలామందికి అది దానంతటదే తగ్గే జ్వరం."

"నా కోడి కూయబట్టే తెల్లారిందనుకున్నానన్నమాట."

"చదువుకుని నేనూ పరీక్షకు ముందే పదిమంది దగ్గరా దాన్ని పొగిడాను. నాకే సిగ్గుగా ఉంది."

అత్తగారు రోకలి వదిలేసి లేచింది.

"కింది వాటాలో కడుపుతో ఉన్న పిల్లకి నిన్నటి నుంచీ జ్వరం. ఆసుపత్రికి వెళ్తానంటే, నా కషాయం ఉండగా ఎందుకని ఆపాను."

"కడుపుతో ఉన్నవాళ్లకి ఈ జ్వరం ముదిరితే ప్రమాదం, ఆమెకి వెంటనే మందులు పడాలి. మీరుండండి, నేను చెప్తాను."

"నువ్వు చెబితే, అత్తాకోడళ్లకి పడదనుకుని నా మాటే పట్టుకుంటుంది. ఆపిన నోటితోనే వెళ్లమనాలి."

చెప్పులైనా వేసుకోకుండా ఆమె మెట్లు దిగింది. తలుపు ముందు మాత్రం చెయ్యి లేవలేదు. లోపల దగ్గు వినిపించింది. గట్టిగా తట్టింది.

"అమ్మాయీ, నేనే. నేను చెప్పింది తప్పు. బయలుదేరు, తోడు నేనొస్తాను."