భుజం మీద తూకం

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. ఆర్మూర్ బస్టాండు వెనుక సందులో ఒక షట్టరు గది. కూలికి పోయే పిల్లలకు అక్కడ వారానికోసారి పాఠాలు చెప్పే పూర్ణిమ ముందు, గంజ్ మార్కెట్‌లో పసుపు మూటలు కాంటా వేసే కాశీరాం నిలబడ్డాడు. అతని చేతిలో ఇనుప సలాక ఉంది.

"మల్ల అడుగుతున్న. నా కొడుకు రాసిన పుస్తకం ఏడ వెట్టినవ్?"

"కుర్చీ ఇరగ్గొడ్తివి, బోర్డు పలగ్గొడ్తివి. ఇంకేం మిగిలింది కాకా, కొట్టనీకి?"

"నువ్వు మిగిలినవ్."

"సలాకకు నెత్తురంటింది. కడగలేదా?"

"నా కొడుకు నెత్తురు. నా ఇష్టం."

"లోకేశ్ భుజం బొక్క రెండు తునకలైంది. దవాఖానకెళ్లే వస్తున్న. ఎట్లయిందని డాక్టర్ అడిగితె, మూట మీద వడ్డదన్నడు."

"అన్నడా?"

"అన్నడు. నీ పేరు చెప్పలే."

"ముచ్చట వద్దు. పుస్తకం ఇయ్యి. లేకుంటె నీ చెయ్యి గూడ గట్లనే అయితది."

"చెయ్యి ఇడువు. గాజు పలిగి కోసుకపోతున్నది."

"పోనీ. నువ్వొచ్చినంకనే చెడిపోయిండు వాడు. కూలి పైసలు తెచ్చి నా చేతుల పెట్టెటోడు, ఏం చేసినవని గూడ అడగకపోయేటోడు. ఇప్పుడు ఆరునూర్లొస్తె ముందుగాల నూరు పక్కకు వెడ్తడట. ఎవలు నేర్పిండ్రు?"

"నేనే నేర్పిన. వాని కష్టం ఏడికి పోతున్నదో వానికి ఎరుకుండాలె గద."

"మూట మోస్తె బరువెంతో ఎరుకైతదని చెప్పింది గూడ నువ్వే."

"నేను చెప్పలే. ఎవలు నేర్పకుంట మీకొచ్చిన పని ఒక్కటి చెప్పుండ్రి అని పిల్లలందరిని అడిగిన. ఒకడు సప్పుడింటె ట్రాక్టర్ల ఏం చెడిపోయిందో చెప్తనన్నడు. లోకేశ్ గిది చెప్పిండు. అందరు నవ్విండ్రు. సంచులల్ల ఇటుకలు కట్టి మోపిచ్చిన. పదకొండు సంచులు. ఒక్క కిలో తప్పలే."

"అబద్దం. భుజానికి బరువెట్ల తెలుస్తది? తెలిస్తె కాంటకే తెలుస్తది."

"కాంటకు తెలిస్తె, అరవై కిలోల పసుపు నువ్వు పనిచేసే సేటు గోదాంల యాభై ఏడు ఎట్లయితున్నది?"

"నోరు ముయ్యి."

"ఊరి పెద్దమనుషుల ముంగట లోకేశ్ గదే అన్నడు. సేటే పందెం వెట్టిండు. పది మూటలు భుజం మీద మోసి బరువు చెప్పుమన్నడు, రైసుమిల్లు కాంట మీద చూద్దమన్నడు. ఇయ్యాల పది గంటలకు. సరిగ్గ చెప్తె, తగ్గిన తూకం పైసలన్ని రైతులకు కట్టిస్తడు. తప్పితె, రాకుంటె, లోకేశ్ లచ్చ రూపాయలు దండుగ కట్టాలె, గంజ్‌ల అడుగు వెట్టొద్దు. ఇదంత నీకెరుకే. ఎరుకుండే నిన్న పొద్దుగూకంగ భుజం చూసి కొట్టినవ్."

"చూసే కొట్టిన. నెత్తి మీద కొట్టలే."

"పెద్ద దయ. నీ మొకం మీద గా దెబ్బ ఎవలది?"

"వాని తల్లి నీలవ్వది. పొయ్యికట్టె తీస్కొని కొట్టింది. ఇంట్లకు రానిస్తలేదు."

"సల్లగుండ, మంచిపని చేసింది."

"నీకేం ఎరుక? పోరని నోరు నువ్వు మూపియ్యి, లేకుంటె నా మనుషులు మూపిస్తరన్నడు సేటు. వాళ్లొస్తె భుజంతోని ఇడుస్తురా? కాల్వల తేలుతుండె వాడు."

"గందుకని నువ్వే ఇరగ్గొట్టినవ్."

"గందుకనే. పుస్తకం ఇయ్యి జల్ది. దీనికోసం వాళ్లు ఈడికి గూడ వస్తరు."

"దాంట్ల ఏం రాసిండో ఎరుకేనా నీకు?"

"ఎరుకే. గందుకే అడుగుతున్న."

"ఇగో, నా సంచిలనే ఉన్నది. తేదీ, రైతు పేరు, భుజం మీద ఎంత, కాంట మీద ఎంత. పక్కకు సన్నగ..."

"చదవకు."

"'నాయన ఎడమ కాలు కదిలినప్పుడల్ల మూడు కిలోలు తగ్గుతున్నది.'"

"చదవకన్న గద. చదవకన్న."

"గోడను గుద్దకు, నీ చెయ్యే పగులుతది. పెద్దమనుషుల ముంగట వాడు సేటు పేరే చెప్పిండు కాకా. నీ కాలు ముచ్చట ఎత్తలే."

"ఇరవై రెండేండ్ల సంది గా కాంట కాడ కూసుంటున్న. సేటు కింద బటన్ వెట్టిచ్చి కాలుతోని నొక్కుమన్నడు, నొక్కిన. నేను నొక్కకుంటె ఇంకొకడు నొక్కుతడు. గా కాలు ముచ్చట రాసిన కాయిదం చింపియ్యి, సాలు. ఆఖరు పేజీల ఉన్నదా?"

"ఆఖరు పేజీల గది లేదు. ఇగో, నువ్వే చూడు."

"కండ్లు మసకలైతున్నయ్. నువ్వే చెప్పు."

"'కొత్త కాంటకు పద్దెనిమిది వేలు. దాసినయి పద్నాలుగు వేల రెండునూర్లు. గంజ్ గేటు కాడ వెట్టాలె. మూటకు పది రూపాయలు. మోసేది నేను. కాంట కాడ కూసునేది నాయన.'"

"ఏం రాసిండు? మల్ల చదువు."

"'కాంట కాడ కూసునేది నాయన.' సలాక కింద వడ్డది, కాకా."

"పడనీ."

"నిన్న దవాఖానకు ఎవలు తీస్కవోయిండ్రు వాన్ని?"

"నేనే. ఆటో దొరకలే. మామిడిపల్లి చౌరస్తా కాడి నుంచి భుజాన ఏసుకొని ఉరికిన."

"అంతదూరం? బరువు కాలేదా?"

"ఏం బరువు. యాభై రెండు కిలోలున్నడు. పోయిన దసరాకు యాభై ఆరుండె. తింటలేడు సక్కగ."

"దవాఖానల తూకం చూసినప్పుడు పక్కన ఉన్నవా?"

"లేను. నన్ను బయటనే నిలవెట్టిండ్రు."

"ఆపరేషన్ చీటీ నా దగ్గర ఉన్నది. యాభై రెండే రాసిండ్రు."

"రాయనీ. అయితేంది?"

"భుజానికి బరువెట్ల తెలుస్తదన్నవ్ ఇందాక."

"మా నాయనకు ఎరుకుండె. నాకెరుకే. గిదొక్కటి వానికి రావద్దనుకున్న. నేర్పనే లేదు."

"పది గంటలకు అందరు వస్తరు కాకా. వాడు మంచం దిగలేడు."

"పుస్తకం సంచిల వెట్టుకో, షట్టర్ గుంజు. పది మూటలు నా భుజం మీద మోపుమను. గవి అయినంక సేటు కాంట గూడ తెప్పియ్యి. నా ఎడమ కాలు ఏడ వెడ్తనో ఊరందరికి సూపిస్త."