పడవను లాగిన చేప

ఆ రేవులో పడవ దించేటప్పుడు ఒక మాట అడుగుతారు. ట్రైలర్ మీది పడవ ర్యాంపు జారే ముందు మెకానిక్ చెయ్యి అడ్డం పెట్టి, "బిరడా?" అంటాడు. పడవ గల మనిషి వెనక్కి వంగి, అడుగున ఉన్న ఇత్తడి బిరడాను వేలితో తడిమి, "ఉంది" అనాలి. ఒడ్డున ఉన్నన్నాళ్లూ వాన నీళ్లు కారిపోవడానికి ఆ బిరడా ఊడదీసి పెడతారు. మళ్లీ బిగించడం మరిచిపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు కాబట్టి, ఎంత పెద్దమనిషయినా వంగి, తడిమి, జవాబు చెబుతాడు.

కెప్టెన్ ఆ ఉదయం వంగలేదు.

"ఎవర్ని అడుగుతున్నావురా? ఈ సముద్రానికే బిరడా బిగించినవాణ్ణి నేను" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వులో మెకానిక్ కూడా నవ్వి చెయ్యి తీసేశాడు. పడవ నీళ్లలోకి జారింది. దాన్ని జెట్టీ గుంజకు కట్టేసి, మంచు విడేదాకా టీ తాగుదామని మెట్లెక్కి టీ కొట్టుకు వచ్చారు.

కెప్టెన్ ఏ ఓడకూ కెప్టెన్ కాదు. ఊళ్లో కుళాయిలూ పైపులూ అమ్మే కొట్టు అతనిది. సెలవు రోజుల్లో చేపలు పట్టుకోవడానికి ఇంజన్ ఉన్న చిన్న ఫైబర్ పడవ కొన్నాడు, దాంతోపాటు ఒక తెల్ల టోపీ కొన్నాడు. పడవ కొన్న రోజున అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. టోపీ పెట్టిన రోజు నుంచి కెప్టెన్ అయిపోయాడు.

ఆ రోజు అతని వెంట ఉన్నది పిల్లనిచ్చిన మామగారు. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆఖరి మనిషి రెండు కాళ్లూ మెట్టు మీద పెట్టాడని కళ్లతో చూస్తే తప్ప ఏనాడూ బెల్లు కొట్టలేదని పేరు. ఆయనకు వచ్చే వారం మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత పడవలెక్కడం మర్చిపొమ్మని డాక్టరు చెప్పేశాడు. ఒడ్డున నుంచుని గాలం వెయ్యడం ఆయనకు ఎప్పటి నుంచో అలవాటే. చుట్టూ నీళ్లు తప్ప ఇంకేమీ కనిపించని చోట కూర్చుని ఒక్కసారి వెయ్యాలన్న కోరిక మాత్రం మిగిలిపోయింది. అందుకని లైఫ్ జాకెట్ ఇంట్లోనే తొడుక్కుని బయల్దేరాడు. కూతురు నవ్వినా విప్పలేదు.

కొట్టులోంచి జెట్టీ కనిపించే చోటు ఒక్కటే, గుమ్మం పక్క బల్ల చివర. మామగారు అక్కడ కూర్చున్నాడు. మెకానిక్ లోపలి బల్ల మీద, కొట్టు నడిపే ఆవిడ పొయ్యి దగ్గర. కెప్టెన్ నుంచునే ఉన్నాడు, సముద్రానికి వీపు పెట్టి.

"మామయ్యగారూ, గాలం వెయ్యడమంటే బలం కాదండీ, ఓపిక. పోయిన చలికాలం ఇలాగే మంచు పట్టిన పొద్దున ఒక్కణ్ణే వెళ్లాను. చిన్న గాలం, ఒక రొయ్య ఎర, అంతే. ముడి బిగించే ముందు దారాన్ని ఉమ్మితో తడపాలి, లేకపోతే రాపిడి వేడికే దారం సగం చస్తుంది, ఇది గుర్తుపెట్టుకోండి. చాలాసేపు కూర్చున్నాను. అరచెయ్యంత చేప ఒకటి తగిలింది. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. అరచెయ్యంతే."

అప్పటిదాకా చెప్పింది నిజమే అయి ఉండవచ్చు. ముడి గురించి చెప్పింది మాత్రం నిజమే. అక్కడ ఆగి ఉంటే ఆ మనిషికి ఆ రోజు ఏ చిన్నతనమూ కలిగేది కాదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ అరచేతి చేపను ఇంకా పైకి తియ్యనే లేదు, కింద నుంచి మోచెయ్యంత చేప వచ్చి దాన్ని గుటుక్కుమని మింగింది. సరే, ఇదీ మన మంచికే అని రీలు తిప్పుతున్నానా, మనిషంత చేప వచ్చి ఆ మోచేతి చేపను మింగింది. అది ఇంకా నోరు మూసుకోలేదు, పడవంత చేప వచ్చి..."

"గాలం ఒకటేనా అన్నా?" అని అడిగింది కొట్టు ఆవిడ.

"ఒకటే గాలం, ఒకటే దారం. ముడి అలాంటిది మరి. ఇంతకీ ఆ పడవంత చేప నోరు తెరిస్తే పళ్లు చూడాలి, ఒక్కొక్కటీ ఎంతుందనుకున్నారు?" అంటూ కెప్టెన్ చొక్కా జేబులో చెయ్యి పెట్టి, వేలికి తగిలినదేదో తీసి బల్ల మీద టక్కున పెట్టాడు. "ఇదిగో, ఇంత లావు."

బొటనవేలంత ఇత్తడి ముక్క. మామగారు దాన్ని చూశాడు. తర్వాత జెట్టీ వైపు చూశాడు.

"అల్లుడుగారూ, పడవ వెనక భాగం అంత కిందికి ఉంటుందా?"

"ఇంజన్ బరువండీ అది. అసలు కథ ఇప్పుడు మొదలవుతోంది, వినండి. ఆ చేప నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. అంతే, నడిసముద్రం వైపు తిరిగి లాగడం మొదలెట్టింది. నా రెండు చేతులూ గాలం కర్ర మీదే ఉన్నాయి, ఇంజన్ తాళం కూడా తిప్పలేదు, అయినా పడవ పోతోంది చూడండి, గాలికి టోపీ ఎగిరిపోయింది. నేను పట్టుకోవడానికి చూడలేదు. ఎందుకంటారా? మేం అవతలి దీవి చుట్టి వెనక్కి వస్తుంటే అదే టోపీ ఇంకా గాల్లోనే ఎదురొచ్చి నెత్తిమీద కూర్చుంది."

మెకానిక్ టోపీ వైపు చూసి, అందుకేనా కాస్త వంకరగా ఉందని అడిగాడు. కెప్టెన్ దాన్ని సర్దుకుని, వాడి మీదికే తిరిగాడు. పడవ అడుగున పట్టిన గుల్లలు గీకాలని, ఏటా రంగు వెయ్యాలని, సముద్రంలోకి వెళ్లొచ్చినప్పుడల్లా ఇంజన్‌ను మంచినీళ్లతో కడగాలని వీడు జనాన్ని ఊరికే భయపెడతాడని అన్నాడు. ఆ చేప లాగిన వేగానికి గుల్లలన్నీ వాటంతటవే రాలిపోయాయట. పాచి కొట్టుకుపోయి, కింద రంగు అద్దంలా మెరిసిందట. ఇక కడగడం సంగతి వస్తే, ఉప్పు తన ఇంజన్‌ను చూసి దూరం నుంచే పక్కకు తప్పుకుంటుందట.

పోయిన నెల ఆ ఇంజన్‌లోంచి తాను గీకిన ఉప్పు ఒక సంసారానికి వారం సరిపోతుందని మెకానిక్ టీ గ్లాసులోకి చూసుకుంటూ అన్నాడు. కెప్టెన్ వినిపించుకోలేదు.

మామగారు మళ్లీ నోరు తెరిచాడు. "అల్లుడుగారూ, పడవ కట్టిన తాడు బాగా బిగుసుకుంటోంది."

"నీళ్లు తీస్తున్నాయండీ. పోటు తగ్గితే తాడు బిగుస్తుంది, అది దాని ధర్మం."

"పోటు ఎక్కుతోందని ఇందాక మీరే అన్నారు."

"ఎక్కేది ఎక్కుతుంది, తగ్గేది తగ్గుతుంది, కథ మధ్యలో పోటు లెక్కలు ఎందుకండీ?"

గుక్క తిప్పుకోకుండా మాట్లాడే అల్లుడి ముందు, నలుగురిలో, మూడోసారి అడగాలంటే మామగారికి మొహమాటం అడ్డొచ్చింది. బస్సులో అయితే ఈపాటికి ఈల వేసి బండి ఆపేసేవాడు. మొహమాటం మంచి గుణమని అందరూ అంటారు గాని, దాని చాటున మునిగిపోయినవి చాలా ఉంటాయి.

"అప్పుడు అడుగున రాయి తగిలింది" అంటూ కెప్టెన్ గొంతు తగ్గించాడు. "తలకాయంత చిల్లు. మీలాంటివాళ్లయితే ఏం చేస్తారు? కండువా కుక్కుతారు, బకెట్ పట్టుకుంటారు, ఇంట్లోవాళ్లను తలుచుకుంటారు. నేను కూర్చున్న చోటు నుంచి కదిలితే ఒట్టు. ఎందుకు? నీళ్లు లోపలికి రావాలంటే వాటికి తీరిక దొరకాలి కదా. ఆ వేగంలో ఏం తీరిక? ఒకటీ అరా చుక్క వచ్చినా, వచ్చిన చిల్లులోంచే సిగ్గుపడి వెళ్లిపోయింది. అందుకే చెబుతున్నాను, ఈ బిరడాలూ గిరడాలూ అన్నీ కదలకుండా కూర్చునే పడవల కోసం. నా పడవకు చిల్లు ఒక నగ."

"మరి చేపను ఏం చేశావన్నా?" అంది కొట్టు ఆవిడ.

"వదిలేశాను. పాపం, ఒడ్డుదాకా దింపింది కదమ్మా, కోసుకు తింటామా? వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి నా వంక చూసి తోక ఊపింది. ఇప్పటికీ ఆ జెట్టీ చివర నుంచుని ఒక్క ఈల వేశానంటే చాలు, ఎక్కడున్నా వచ్చేస్తుంది."

మామగారు బల్ల మీది ఇత్తడి ముక్కను తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

"అల్లుడుగారూ, దీనికి మర చుట్లు ఉన్నాయి. ఇది దేనిది?"

"అదా, అది మన పడవ..." అన్నాడు కెప్టెన్.

తర్వాతి మాట రాలేదు. జీవితమంతా నీళ్లు ఆపే వస్తువులు అమ్మిన మనిషి, చేతికందే దూరంలో ఉన్న ఆ వస్తువును పేరు పెట్టి పిలవలేకపోయాడు.

అందరూ మెట్ల మీంచి పరుగెత్తారు. మామగారు మాత్రం కాలు ఈడ్చుకుంటూ వెనక దిగాడు. పడవ వెనక భాగం ర్యాంపు అడుగుకు ఆనుకుని కూర్చుంది. ముక్కు ఒక్కటే తాడుకు వేలాడుతూ ఆకాశం చూస్తోంది. ఇంజన్ తల దాకా మునిగింది. ఎర డబ్బా మూత ఊడి రొయ్యలు అటూ ఇటూ తేలుతున్నాయి. మెకానిక్ వంగి చూసి, ఇంజన్ ఉప్పునీళ్లు తాగేసిందని, విప్పి కడిగి ఆరబెడితే గాని పలకదని, ఈ రోజు సంగతి మర్చిపోవాల్సిందేనని చెప్పాడు. మామగారు జాకెట్ తాళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకున్నాడు, అంతే.

నడుం లోతు నీళ్లలోకి దిగాక కెప్టెన్‌కు మళ్లీ మాట వచ్చింది. తాడు ఎలా పట్టాలో, ఎవరు ఎటు లాగాలో గట్టిగా చెప్పడం మొదలెట్టాడు. టీ కొట్టు ఆవిడతో సహా అందరూ లాగారు. నిండా నీళ్లున్న పడవ జానెడైనా కదల్లేదు. ఇది మామూలు పడవ కాదని, దీని బరువుకు మనుషులు చాలరని కెప్టెన్ ఆయాసపడుతూ అన్నాడు.

మామగారు గట్టు మీంచి చాలా మర్యాదగా పిలిచాడు.

"అల్లుడుగారూ, మీరొక్క ఈల వెయ్యండి. ఆ చేప వచ్చి లాగుతుంది."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కెప్టెన్‌కు కాస్త సుఖంగా ఉండేది. అతను టోపీ తీసి, దాంతోనే పడవలోని నీళ్లు తోడడం మొదలెట్టాడు.

మంచు విడింది. మెకానిక్‌కు సొంతంగా పాత కర్ర పడవ ఒకటి ఉంది. ముందు కెప్టెన్ పడవను ట్రైలర్ బండికి కట్టి బయటికి లాగి, ఇంజన్ కడిగే పని కెప్టెన్‌కే అప్పగించి, ఆ తర్వాత తన పడవను ర్యాంపు మీదికి తెచ్చాడు. మామగారిని చెయ్యి పట్టి ఎక్కించాడు. ఎక్కించాక ఇందాక నవ్వులో తీసేసిన చేతిని మళ్లీ అడ్డం పెట్టి, తన పడవే అయినా అడిగాడు.

"బిరడా?"

మామగారు నొప్పి కాలు చాపి, వెనక్కి వంగి, చెయ్యి అడుగుకు దించాడు. వేలితో తడిమాడు. ఇంకో చుట్టు బిగించి చూశాడు.

"ఉంది" అన్నాడు.