షుబాత్ తాకట్టు పెట్టిన రెండు రోజులు

"నాటెయ్యవే. ఇవాళే నాటెయ్. షుబాత్ గాడు నిన్నేం పీకుతాడో నేనూ చూస్తాను."

ఉమ్ నవ్వాఫ్, అంటే నవ్వాఫ్ వాళ్ళమ్మ, తన ఇంటి నల్లరాతి అరుగు మీద కాళ్ళు బారజాపుకుని అన్న మాట ఇది. నేను దోసనారు డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని సలహాకి వెళ్ళాను. మా కొండ మీద ఫిబ్రవరిని షుబాత్ అంటాం, మార్చిని ఆదార్ అంటాం. ఒకప్పుడు ఎవరో ముసలమ్మ, చలికాలం నన్నేమీ చెయ్యలేకపోయిందని షుబాత్‌ని వెక్కిరించిందట. వాడు రోషపడి, తన రోజులు చాలక ఆదార్ దగ్గర నాలుగు అప్పు తెచ్చి మరీ ఆమెని చలితో చంపాడట. వాటినే ముసలమ్మ రోజులంటాం. అవి దాటేదాకా ఎవరూ దోస నాటరు.

కానీ ఈ ఏడు ఎండ ముందే కాసింది. బాదం పూసింది. చలికాలం చివర ఆకాశం నుంచి మూడు నిప్పులు రాల్తాయంటారు, మొదటిది గాలిలో, రెండోది నీళ్ళలో, ఆఖరిది మట్టిలో. ఆ ఆఖరి నిప్పు పడిపోయింది, నేల వేడెక్కింది అని ఊరంతా ఒకటే గుసగుసలు. నా నారు డబ్బాల్లో ఇమడక పసుపెక్కుతోంది. అది మా అమ్మ దాచిన గింజల నారు. అమ్మ పోయింది, గింజలు ఇంకేం మిగల్లేదు. ఈ నారు పోయిందంటే ఆ దోసకాయ రుచి మా ఇంట్లో ఇక ఉండదు. ఉంచితే వాడిపోతుందని భయం, నాటితే మాడిపోతుందని భయం.

"ముసలమ్మ రోజులింకా ఉన్నాయిగా పెద్దమ్మా" అన్నాను.

"ఉంటే? నేను నిన్ననే నాటేశాను నావి. నాకంటే ముసల్దెవరే ఈ ఊళ్ళో? వాడికి చంపాలనుంటే ముందు నా గుమ్మంలోకి రావాలి. రాడు. ఎందుకు రాడో తెలుసా?"

పక్కింటి వదాద్ నా వంక చూసి కన్ను గీటింది. మాతే గిన్నె ఉమ్ నవ్వాఫ్ చేతిలో ఉంది. ఆకు మీద వేణ్ణీళ్ళు పోసి, గొట్టంతో పీల్చి, మళ్ళీ నీళ్ళు పోసి పక్కవాళ్ళకి అందిస్తాం. ఆవిడ గట్టిగా ఒక పీల్పు పీల్చి మొదలుపెట్టింది.

"మా నవ్వాఫ్ పాకుతున్న ఏడు. సరిగ్గా ముసలమ్మ రోజులు మొదలైన పొద్దున, ఊరంతా తలుపులు బిడాయించుకుని పొయ్యి దగ్గర ముడుచుకుంటే, నేను పార పట్టుకుని తోటలోకి దిగి దోస పెట్టాను. ఇదేం పెద్ద గొప్ప కాదులే, పెట్టాను అంతే. వెంటనే గాలి లేచింది. నా తలగుడ్డ ఎగిరి లోయ అవతల పడింది. నేనేమన్నానో తెలుసా? ఇంతేనా అన్నాను."

"మా అమ్మ చెప్పేది, ఆ ఏడు మేకలు చచ్చాయని" అంది వదాద్.

"చస్తే చచ్చాయి, అవి మేకలు. నేను మనిషిని. సరే, గాలితో లాభం లేదని వాడు వడగళ్ళు కురిపించాడు. ఒక్కోటి కోడిగుడ్డంత. నేను పెద్ద పళ్ళెం తెచ్చి పట్టాను. ఒక్కటి కింద పడనిస్తేనా? మీద ద్రాక్షపాకం పోసి వీధి వీధంతా పంచాను. తిన్నవాళ్ళు ఇంకో పళ్ళెం అడిగారు. నేను తలెత్తి, ఒరే షుబాత్, ఇంకాస్త పంపరా, మా మరిదిగారికి చాల్లేదట అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"వాడికి ఒళ్ళు మండింది. ఎముకలు కొరికే మంచు. ఆరేసిన బట్టలు కొయ్యబారిపోయాయి. మా ఆయన షర్వాల్ లాగు తీగ మీంచి దించితే రెండు కాళ్ళ మీదా నిటారుగా నిలబడింది. ఊరికే నిలబడ్డం ఎందుకు, పోయి దోసపాదు దగ్గర కాపలా కాయి అన్నాను. వెళ్ళింది. మూడు రోజులు కాసింది. పాదులోకి దూరిన మేకని తన్ని తరిమింది కూడా. మా ఆయన బతికున్నన్నాళ్ళూ చేసిన పని కంటే ఆ షర్వాల్ చేసిన పనే ఎక్కువ."

వదాద్ గిన్నె తిరిగిస్తూ "షుక్రన్" అంది. షుక్రన్ అంటే థాంక్స్, కానీ మాతే దగ్గర ఆ మాటంటే ఇక చాలు, నాకు పోయొద్దని అర్థం.

"మాతే చాలన్నావా, నా మాటలు చాలన్నావా?"

"రెండూను."

"నోర్మూసుకుని విను. తెచ్చుకున్న అప్పు రోజులన్నీ అయిపోయాయి, నా దోస ఒక్క ఆకు వంచలేదు. వాడు ఏప్రిల్ దగ్గరికెళ్ళి చెయ్యి చాచాడు. పో పోరా, నాకు పూలున్నాయి, నీ గొడవలోకి నన్ను లాగకు అందిట ఏప్రిల్. మే నెల అయితే తలుపే తియ్యలేదు. చివరికి వాడే స్వయంగా వచ్చాడు. ఇదిగో, హియామ్, నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాడు."

నేను తెలీకుండానే కొంచెం పక్కకి జరిగాను.

"మీసాలకి మంచు వేలాడుతోంది. గడగడ వణుకుతున్నాడు వెధవ. ఇంటికొచ్చిన వాడు కదా అని మాతే పోశాను. ఒక్క పీల్పు పీల్చి, పాపం మర్యాద అనుకుని షుక్రన్ అన్నాడు. ఇంకేం పోస్తాను? మేమందరం తాగుతుంటే గుటకలు మింగుతూ చూశాడు. అప్పుడు నా కాళ్ళు పట్టుకున్నాడు. అమ్మా, ఒక్క మొక్క, ఒకే ఒక్క మొక్క చావనీ, మిగతా నెలల ముందు తలెత్తుకోలేకపోతున్నాను అన్నాడు. ఒక్క ఆకు కూడా ఇవ్వనన్నాను. వాడు ఏడ్చి, తన సొంత రోజులు రెండు తీసి నా ఒళ్ళో పెట్టాడు. ఇవి ఉంచుకో, ఈ సంగతి ఎవరికీ చెప్పకు, మళ్ళీ వచ్చి విడిపించుకుంటానన్నాడు. ఇప్పటికీ రాలేదు. నెలలన్నిటికీ ముప్పై రోజులకి తగ్గకుండా ఉంటే వాడొక్కడికే ఎందుకు తక్కువనుకున్నారు? ఇవి తాకట్టులో ఉన్నాయి."

"ఎక్కడున్నాయి ఆ రోజులు?" అంది వదాద్.

"లోపల పెట్టెలో. బంధువులు తొందరగా వెళ్ళిపోతామంటే ఒకటి తీసి వాడతాను."

నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వుతూనే నా మనసు తేలికపడింది. ఎండ వీపు మీద వెచ్చగా ఉంది. ఇంత పెద్దావిడ నిన్ననే నాటేసిందంటే నాకు భయమెందుకు, ఇంటికెళ్ళి సాయంత్రంలోగా నాటేద్దాం అనుకున్నాను. ఆ మాటే పైకన్నాను. "అయితే నాటేస్తాను పెద్దమ్మా. ముందు నీ పాదులొకసారి చూపించు, ఎంత లోతు పెట్టావో చూస్తాను."

"నాటినవి అప్పుడే చూడకూడదు, దిష్టి తగుల్తుంది. ముందు మాతే తాగు."

కెటిల్‌లో నీళ్ళు అయిపోయాయి. డబ్బాలు అరుగు మీద పెట్టి నేను లేచాను. "నువ్వు కూర్చో, నేను తెస్తాను" అంటూ ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేవబోయింది గానీ, ఆ మోకాళ్ళు లేచేలోగా నేను లోపలికి వెళ్ళిపోయాను.

మిట్టమధ్యాహ్నం గదిలో పొయ్యి భగభగ మండుతోంది. మంచం మీద ఉన్ని దుప్పటి గుడారంలా ఎత్తి ఉంది. ఎవరైనా జబ్బుపడ్డారేమోనని దుప్పటి కొస పట్టుకుని ఎత్తాను. డబ్బాలు. వరసగా దోసనారు, పచ్చగా, నవనవలాడుతూ. ప్రతి డబ్బా కిందా మడతపెట్టిన పాతగుడ్డ. పొయ్యి పక్కన నేల మీద ఒక చాప, ఒక దిండు.

నీళ్ళు తేకుండానే బయటికి వచ్చాను. ఒళ్ళు మండిపోయింది.

"పెద్దమ్మా, నిన్న తోటలో నాటిన దోసలు నీ మంచం మీద పడుకున్నాయేంటి?"

వదాద్ అరుగు మీద పడి పడి నవ్వింది. ఉమ్ నవ్వాఫ్ గిన్నెలోకి చూస్తూ కూర్చుంది.

"మరి నువ్వు నేల మీద పడుకుంటున్నావా, ఈ చలిలో, ఈ వయసులో?"

"నేలకేమొచ్చింది? నాకు అలవాటే."

"నీ మాట విని మా అమ్మ నారు చేతులారా చంపుకునేదాన్ని. తెలిసుండీ నాటమని ఎలా అన్నావు?"

"అన్నానే, అన్నాను. ఇన్నేళ్ళలో నా మాట విన్న మనిషి ఒక్కరున్నారా ఈ ఊళ్ళో, నువ్వు వింటావనుకోడానికి?" గొంతు పెంచింది. "వాడికి పడనిది నేను. రమ్మను. ఈ అరుగు మీదే కూర్చుంటాను, దమ్ముంటే నన్ను తీసుకుపొమ్మను. రెండాకులు తొడిగిన పసిగుడ్లతో ఏం పని వాడికి?"

 ఆవిడ చెయ్యి చాపి అరుగు మీది నా డబ్బాల్లోంచి ఒకటి తీసుకుంది. పసుపెక్కిన ఆకుని బొటనవేలితో నిమిరింది. మట్టి వేలితో నొక్కి చూసింది.

"వేళ్ళకి చోటు చాలట్లేదే దీనికి. పెద్ద డబ్బాలు నా దగ్గరున్నాయి, మార్చుదాం. మంచం మీద కాళ్ళవైపు ఇంకా ఖాళీ ఉంది, తీసుకెళ్ళి పెట్టు" అని, గొంతు బాగా తగ్గించి, "తలుపు మాత్రం వెంటనే వేసెయ్యి. వాడు వింటున్నాడు" అంది.