ఇద్దరు ప్లీడర్లను మేపిన కండెలు

పిచ్చేశ్వరరావని మా వీధిలో ఒకడున్నాడు, మగ్గం నేస్తాడు. వాడి పెళ్లాం రమణకుమారి రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. ఆవిడ చుడితేనే వీడు నేసేది. ఏమైందంటే, ఇద్దరికీ పడలా. ఆవిడ రెండు వీధులవతల పుట్టింటికి పోయింది. పోతే పోయింది, ఎనిమిదేళ్ల కూతురుంది, భ్రమరాంబ, దాన్నీ వెంట తీసుకుపోయింది. పిల్ల నాదంటే నాదని కోర్టుకెక్కారు. ఇక వాయిదా, మళ్లీ వాయిదా. వాయిదా రోజు మగ్గం ఆగుద్ది, రాట్నం ఆగుద్ది, పిల్ల బడి ఆగుద్ది. ప్లీడర్ల నోరు మాత్రం ఆగదు. ఆవిడ గాజులు పోయినయ్, వీడి రెండో మగ్గం పోయింది. పిల్లేమో కోర్టు మాటెత్తితే కడుపునొప్పంటది, అన్నం ముట్టదంట.

అప్పుడు దిగాను నేను. నవ్వమాకండి, ఈ జిల్లాలో నేను దిగితే తేలని తగువు లేదు. వీడికి కండెలు చుట్టేవాళ్లు లేరు, ఆవిడకి పని లేదు. నేనేం చేశానంటే, ఆవిడ చుట్టినవి తట్టకెత్తుకుని, పొరుగూరివని చెప్పి వీడికిచ్చేవాణ్ణి. ఆరు కోసులు నడిచొచ్చినట్టు ఆయాసం కూడా పడేవాణ్ణి అనుకోండి. వీడిచ్చిన కూలి ఆవిడకి, ఆవిడ దగ్గర్నుంచి తిన్నగా ఆవిడ ప్లీడరుకి. అంటే ఏడాది పాటు రెండు పక్కలా ఫీజు కట్టింది వీడే. అంత తెలివైనోణ్ణి, నాకది తట్టలా.

ఒక వాయిదాకి పిల్ల కోర్టు వరండాలో కళ్లు తిరిగి పడింది. తల్లి ఒక పక్క, తండ్రి ఒక పక్క కూలబడి మొహాన నీళ్లు చల్లుతున్నారు. నాకు భయమేసి నిజం కక్కేశా, ఒరే, నువ్వు కొనే కండెలు దీనివేరా అని. వాడు తలెత్తకుండా, "తెలుసు బాబాయ్. మొదటి కండెకే తెలిసింది. అంత బిగువుగా చుట్టేది ఇదొక్కతే" అన్నాడు. "తెలిసీ ఎందుకు కొన్నావయ్యా?" అంది ఆవిడ. "ఆ డబ్బులు పిల్ల తిండికి పనికొస్తయ్యనుకున్నా." ఆవిడ కొంగుతో పిల్ల మొహం తుడిచింది. తర్వాత మెల్లిగా, "నేను ప్లీడరుకిచ్చా" అంది. పిల్ల ఒక కన్ను తెరిచి, "ఆయనేం తిన్నాడమ్మా అంత డబ్బుతో?" అని అడిగింది. ఏడుస్తూనే ఇద్దరూ నవ్వారు.

ఆ రోజే రాజీకొచ్చారు. బడి రోజుల్లో తల్లి దగ్గర, సెలవులకి తండ్రి దగ్గర, ఖర్చు చెరిసగం అని జడ్జిగారి ముందు రాయించారు. కాపురం కలిసిందా అంటారా, లేదు, పడనోళ్లు పడనోళ్లే. కండెలు మాత్రం ఇప్పుడు ఆవిడే తెచ్చిస్తది, పిల్ల రెండిళ్లలోనూ రెండేసి ముద్దలు ఎక్కువే తింటది. ఆ రాజీ చూసి జడ్జిగారు నన్ను పిలిచి, పెద్దాయనా, నా కుర్చీలో కూర్చోవయ్యా అన్నారు. మోకాళ్ల నొప్పులండీ, అంత ఎత్తెక్కలేనని నేనే వద్దన్నా.