చుక్కల మొనగాడు

చనిపోయిన వయొలిన్ మాస్టారి సంస్మరణ పుస్తకం అట్ట మీద, ఆయన పేరు నడుమ ఒక అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా అచ్చయింది. ఒక్క కాపీ కూడా తప్పించుకోలేదు, అన్నిటి మీదా అదే. సభ సాయంత్రమే. ప్రెస్సు నడిపే వదిన ఒక కాపీ చంకన పెట్టుకుని, ఆ పేరు టైపు చేసిన మరిదిని వెతుక్కుంటూ టీ బడ్డీకి వచ్చింది. అతగాడు అటు తిరిగి కూర్చుని అదే పేరు మీద కోతలు కోస్తున్నాడు.

"పరదేశపు పేరు కదా, 'ఓ' నెత్తిన రెండు చుక్కలుండాలి. అవి కంప్యూటరు మీటల్లో దొరకవు. ఆల్ట్ అనే మీట నొక్కిపట్టి అంకెలు కొట్టాలి. ఆ అంకెలు నాకు నోటికొచ్చు, ఏదో మీ దయ."

"ఎన్ని భాషలవి వచ్చేంటి?" అన్నాడు పక్కన టీ తాగుతున్న దర్జీ.

"ఎన్నేమిటి మామా, భూమ్మీద ఎన్ని భాషలుంటే అన్నీ! అక్షరాలకి తగిలించే కొక్కేలు, గొడుగులు, తోకలు, అన్నీ కళ్లు మూసుకుని కొడతా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా వేగానికి మీటలు కాగిపోతే, మా వదిన వాటి మీదే పాలు కాచింది!"

వెనక నిలబడ్డ వదిన చంకలోంచి పుస్తకం తీసింది.

"పొంగాయా?" అన్నాడు టీ కొట్టాయన.

"పొంగవూ మరి! చుక్కలు తెర పట్టక గోడల మీదికి పాకితే, చీపురుతో ఊడ్చి సంచికెత్తాం. ఇంతలో ఫోను. ఎవరనుకున్నారు? ఆ దేశపు రాజుగారు! 'నాయనా, మా పుస్తకాల్లో చుక్కలు అడుగంటాయి, ఓ సంచీ పంపవా' అని ఒకటే ఏడుపు. మా వదినైతే కళ్లు తేలేసి, కొత్త ప్రెస్సు పెట్టిస్తా, నువ్వే చూసుకో నాయనా అని..."

"ఆ సంచిలోంచి రెండు ఇక్కడ వెయ్యి" అంటూ వదిన పుస్తకం బల్ల మీద పెట్టింది.

అతను డబ్బాని చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వదినా, నా తెర మీద బాగానే కనబడింది, ఒట్టు!"

"అచ్చు మిషను దగ్గరి కంప్యూటర్లో నీ ఫాంటు లేదు, అక్షరం బదులు డబ్బా పడింది. ప్రూఫు తీశావా?"

"ఒక్క పేరే కదా అని..."

"ఆయనకున్నదీ ఒక్క పేరే."

దర్జీ గ్లాసు కింద పెట్టేశాడు.

వదిన వెళ్లి పేరు తనే కొట్టింది. మాస్టారి కూతుర్ని పిలిపించి, ప్రూఫు చూపించాకే అట్టలు మార్పించింది. సభ మొదలయ్యాక చేరాయి పుస్తకాలు. మనిషి పేరున్న పని ఏదైనా, ఆ ఇంటివాళ్లు కళ్లారా చూసి సరేననకుండా మిషనెక్కించనని ఆ పూటే తేల్చేసింది. తర్వాత తొందరపెట్టినవాళ్లున్నారు, తిట్టి వేరే ప్రెస్సుకి పోయినవాళ్లూ ఉన్నారు. పోనిచ్చింది.