టీచరమ్మగారి వంటింటి నేల

టైల్స్ పరిచే మేస్త్రి సాయంత్రం రెండు రకాల బండలు తెచ్చి, తన వంటింటి గడప దగ్గర పెట్టాడు. ఒకటి అద్దంలా మెరిసే తెల్లది, ఇంకొకటి గరుకుగా ఉన్న బూడిదరంగుది. పగిలిపోయిన పాత గచ్చు తీసేసి రేపు కొత్త నేల వేయాలి. అతని పెళ్ళాం నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

“తెల్లదే వెయ్యి.”

“బూడిదరంగుది తీసుకోవే. టీచరమ్మగారి వంటింట్లో పరిచాను, ఎంత బావుందో!”

“మళ్ళీ టీచరమ్మా? మొన్న ఆవిడ మాట బావుందన్నావు, నిన్న ఆవిడ ఇచ్చిన టీ బావుందన్నావు. ఇప్పుడు నేల కూడానా?”

“పరిచింది నేనేగా!”

“ఎంచుకుంది ఆవిడేగా! ఆవిడ ముచ్చటపడ్డ బండ మీద నిలబడి నేను నీకు వండిపెట్టాలా?”

“ఆవిడ ఎంచుకోలేదే. ఏది మంచిదని నన్నే అడిగింది. మా ఇంటిది తడికాళ్ళతో పరుగులు పెడుతుంది, దానికైతే ఇదే వేస్తానన్నాను. అయితే నాకూ అదే వెయ్యమంది.”

ఆమె వంగి బూడిదరంగు బండని వేలితో రుద్ది చూసింది.

“అంటే, నాకోసం అనుకున్నదాన్ని ముందు ఆవిడింట్లో పరిచి వచ్చావన్నమాట!”

“ఓరి దేవుడా!” అంటూ మేస్త్రి కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

ఆమె బూడిదరంగు బండ మీద చెంబెడు నీళ్ళు గుమ్మరించి, ఎక్కి నిలబడింది. కాలు జారలేదు.

“ఏం తేల్చావే?” అని పెరట్లోంచి కేక వినిపించింది.

“ఇదే వెయ్యి. ముందు వెళ్ళి ఆవిడింట్లోది పీకేసి రా.”