ఆరో వేలు

ఉక్కురెక్క కార్టూన్ కంపెనీలో, యజమానురాలి గది. బల్లమీద పొద్దుటి పేపరు పరిచి ఉంది. అటు యజమానురాలైన చెల్లెలు, ఇటు పేపర్లో గొడుగుమామ బొమ్మలు వేసే అక్క. చెల్లెలి ఎదుట ఈ కుర్చీలో కాలిమీద కాలేసుకుని కూర్చోవాలని అక్కకి ఎన్నాళ్ల కోరికో.

“ఇదేంటక్కా?”

“మనం కలిసి చేస్తున్న కథ. పేపర్లో నా వంతు ఇవాళ్టితో అయిపోయింది. ఇక కామిక్ పుస్తకంలో, టీవీలో మీ వంతు.”

“మీ గొడుగుమామ, మా ఉక్కురెక్క కలిసి దొంగని పట్టుకోవాలి. అంతేగా అనుకున్నాం?”

“పట్టుకున్నారుగా, రెండో గడిలో.”

“మరి మూడో గడి?”

“గాలేసింది. మీవాడి రెక్క పక్కకి పోయింది.”

“వాడి ఎడమచెయ్యి మేమెప్పుడూ బయటికి చూపించలేదు. అందులో ఏదో శక్తి ఉందని పిల్లలు...”

“ఉందిగా. వేళ్లు లెక్కపెట్టు.”

“అక్కా...”

“లెక్కపెట్టవే.”

“ఆరు.”

“గొడుగుమామకి?”

“ఆరే. మొదట్నించీ ఆరే కదా.”

“నేర్చుకునే రోజుల్లో నేను బొమ్మకి ఎడమచెయ్యి వేస్తే ఆరు వేళ్లొచ్చేవి. నాన్న ఒకటే నవ్వు. పట్టుదలకి పోయి గొడుగుమామకి అలాగే ఉంచేశాను. నువ్వేమో నా పెట్టెలోంచి ఎగిరేవాడి బొమ్మ పట్టుకుపోయి, ఆ చెయ్యి రెక్క కింద దాచి, నేనే పుట్టించానన్నావు.”

“అప్పుడు చిన్నదాన్నక్కా.”

“మొన్న స్టేజీమీద దండ వేయించుకున్నప్పుడు కూడా చిన్నదానివేనా? కింద కూర్చుని చప్పట్లు కొట్టాను. చేతులు మండాయి. కడుపు అంతకన్నా మండింది.”

“సరే, పుస్తకంలో ఇదంతా కల అని వేయిస్తా.”

“ఒకచోట అచ్చయింది ఇంకోచోట చెరపకూడదన్న షరతు ఎవరిది?”

“ఒప్పందంలో ఉంది. మనిద్దరిదీ.”

“నీదే. టీవీలో గొడుగుమామని చంపేస్తే నేను మళ్లీ లేపకుండా పెట్టావు. నాకు తెలీదనుకున్నావా?”

“అబ్బ, ఇప్పుడేం కావాలి నీకు? పేరా? రేపట్నించి నా పేరు పక్కన నీ పేరూ వేయిస్తా.”

“పక్కన నాకేం పని? నీ నోటితో ఒప్పుకో, చాలు.”

“ఒప్పుకుంటున్నా. ఉక్కురెక్క నీ బొమ్మే. నేనే ఎత్తుకొచ్చా. అయిందా? చల్లబడ్డావా?”

“కొంచెం. పొద్దున నీ కూతురు ఫోన్ చేసింది. ‘పెద్దమ్మా, వీళ్లిద్దరిదీ ఒకటే చెయ్యేంటి?’ అని.”

“దానికేం చెప్పావు?”

“నేనేం చెప్పలేదు. అమ్మనడుగు అన్నాను.”

“అక్కా, నీకు దణ్ణం పెడతా, దానికి మాత్రం వద్దు. ఉక్కురెక్కని చూసే అది బొమ్మలు మొదలుపెట్టింది. మా అమ్మ చెయ్యే నాకొచ్చిందని ఊరంతా చెప్పుకుంటుంది. నేనే మెల్లిగా, ఎప్పుడో...”

“తెలుసే. అందుకే వెంటబెట్టుకొచ్చాను. బయట బెంచీమీద కూర్చుంది.”

“బయటా? ఏ బయట?”

“వచ్చేటప్పుడు తలుపు వెయ్యలేదు నేను.”